గైడుగారికి ఇచ్చిన నోట్సు

దౌత్యం, శరణార్థుల మీద పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు ఒక కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. పరిశోధన రోజుల్లో వనస్థలిపురం నుంచి బస్సెక్కి సరూర్‌నగర్ చెరువు పక్కనున్న ఒక సందుకు రెండేళ్లు తిరిగాను. అక్కడ బర్మా నుంచి పారిపోయి వచ్చిన ఒకామె బ్లౌజులు కుట్టేది. దిల్‌సుఖ్‌నగర్ ఆడవాళ్ల కొలతలతోపాటు వాళ్ల తెలుగూ పట్టేసింది. నా థీసిస్‌కు ప్రాణం ఆమే. ఆమె ఎక్కడ ఉంటుందో బయటికి రానివ్వనని నేను మాటిచ్చాకే నోరు విప్పింది.

ఒకరోజు తమను ఏమని రాస్తున్నానని అడిగింది. కాందిశీకులు అని చెప్పాను. ఏ దిక్కుకు పోవాలో తెలియనివాళ్లని దానర్థం అంటూ నా పాండిత్యం కూడా వెలగబెట్టాను. ఆమె మిషన్ ఆపి నవ్వింది.

"దిక్కు తెల్వకుండ ఎందుకొస్తం మేడం? హైదరాబాద్ యాడుందని అడుక్కుంటనే ఒచ్చినం."

ఆ మాట నోట్సులో రాసుకున్నాను. మరిచిపోతానేమోనని పక్కనే సందు పేరు, ఆమె గది కింద ఉన్న పాల దుకాణం కూడా రాశాను. థీసిస్‌లో అవేమీ పెట్టలేదు. గైడుగారు మాత్రం, "అసలు నోట్సు ఇవ్వమ్మా, ఒకసారి చూసిస్తాను" అన్నారు. థీసిస్ మీద ఆయన సంతకం కోసం అప్పటికే ఆర్నెల్లుగా చెప్పులరిగేలా తిరుగుతున్నాను. ఇచ్చేశాను.

ఆయన ఆమె మాటతోనే ఒక పెద్ద సభలో ఉపన్యాసం మొదలుపెట్టారు. తనే వెళ్లి విన్నట్టు చెప్పారు. సందు పేరు చెప్పారు, పాల దుకాణం చెప్పారు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? మూడో వరుసలో కూర్చుని అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఒళ్లు మండిపోతోంది, కానీ వైవా ఇంకా కాలేదు మరి. కిందికి దిగాక ఆయన నా దగ్గరికి వచ్చి, "చూశావా, నీ టాపిక్‌ని ఎక్కడికి తీసుకెళ్లానో" అన్నారు.

ఆ ఉపన్యాసం వీడియో ఆమె ఇంటి ఓనరు ఫోన్‌దాకా వెళ్లింది. పోలీసుల గొడవ తనకెందుకని గది ఖాళీ చెయ్యమన్నాడు. నేను వెళ్లేసరికి ఆమె కుట్టుమిషన్‌ను పాత దుప్పట్లో చుడుతోంది. గుమ్మంలో నిలబడే గైడుగారిని నోటికొచ్చినట్టు తిట్టాను. నమ్మించి గొంతు కోశాడన్నాను. నాకు జరిగిన అన్యాయమంతా ఏకరువు పెట్టాను. ఆమె ముడి బిగించి తలెత్తింది.

"గా సారెవరో నాకు తెల్వదు మేడం. నేను నీకే చెప్పిన."