ఇదా, ముందుదా?

మా ఆయన మనుషుల నోటిమాట నమ్మడు. అందులో ఆయన తప్పేమీ లేదు, చేసిన ఉద్యోగం అలాంటిది. రిటైరయ్యేదాకా కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్ష చేశాడు. ఖాళీ ఫ్రేము ముక్కు మీద పెట్టి, అందులో ఒక అద్దం వేసి, తీసి, ఇంకోటి వేసి, "ఇదా, ముందుదా?" అని అడగడమే పని. వచ్చేవాళ్లలో సగం మంది మొహమాటస్తులు. అక్షరం కనిపించకపోయినా "ఇదే బాగుందండీ" అనేస్తారు. వాళ్లను పట్టుకోవడానికి ఆయన దగ్గర ఒక కిటుకు ఉండేది. అద్దం తీసినట్టే తీసి, మళ్లీ అదే వేసేవాడు. "ఆఁ, ఇప్పుడు ఎంత తేడా!" అన్నారంటే దొరికిపోయినట్టే. నవ్వకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. బిల్లుల కౌంటరులో కూర్చున్న నాకు మాత్రం నవ్వు ఆగి చచ్చేది కాదు. మా పరిచయం అలా మొదలైంది.

షాపులో అంత నిదానంగా ఉండే మనిషి సైకిలెక్కితే పూనకమే. అప్పటికే రేసుల్లో రెండు కప్పులు గెలిచాడు. సన్నటి టైర్లు, వంగిన హ్యాండిలు, గొలుసు తిరగడానికి ముందు రెండు పళ్లచక్రాలు, వెనక అయిదు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు వంటింట్లోంచి రెండు పళ్లేలు పట్టుకొచ్చి నా ముందు కూర్చున్నాడు.

"గేరంటే ఇంతేనోయ్. ముందు పళ్లెన్ని, వెనక పళ్లెన్ని. ముందు నలభై రెండు, వెనక ఇరవై ఒకటీ అనుకో. పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. ముందుది పెద్దదయితే వేగం. వెనకది పెద్దదయితే కాలికి తేలిక, బండికి నిదానం. ఎవరి కాళ్లకి తగ్గట్టు వాళ్లు ఏరుకోవాలి."

కొత్త పెళ్లాంతో మాట్లాడే మాటలేనా ఇవి!

కానీ నాకూ ఒక సైకిలు కూర్చి ఇచ్చాడు. ఊరి చివర ఎత్తు రోడ్డు మొదట్లో ఒక పిట్టగోడ ఉంది. అక్కడికి తీసుకెళ్లి, కిందికి చూడొద్దని చెప్పి, రకరకాల పళ్లున్న వెనక చక్రాలు మార్చి మార్చి నన్ను ఎత్తు మీదికి తోలాడు. దిగి రాగానే అదే ప్రశ్న, "ఇదా, ముందుదా?" మధ్యాహ్నం దాకా నా ప్రాణం తోడేసి, చివరికి ఒకటి ఖాయం చేశాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున్నే ఇద్దరం బయల్దేరేవాళ్లం. చదును రోడ్డు మీద కబుర్లు చెప్పుకుంటూ వెళ్లి, ఎత్తెక్కి, పైన బెంచీ మీద ఫ్లాస్కులో టీ తాగి దిగేవాళ్లం. ఏనాడూ నేను వెనకపడలేదు. "కప్పులు గెలిచిన మనిషి పక్కనే తొక్కుతాను, తెలుసా!" అని తోడికోడళ్ల దగ్గర ఎంత గొప్పలు పోయేదాన్నో. వాళ్లకి వినీ వినీ చెవులు చిల్లులు పడి ఉంటాయి.

ఆ మొదటి ఏడే ఆయన సైకిలుకు ముందున్న పెద్ద పళ్లచక్రం ఊడదీశాడు. ఏమైందంటే, "పళ్లు అరిగిపోయాయి" అన్నాడు. దాని నడుమ గడియారం బిగించి వంటింటి గోడకు తగిలించాడు. కొత్తది వచ్చే నెల కొందాం అన్నాడు. ఆ వచ్చే నెల ఇప్పటికీ రాలేదు. పిసినారి అని ఎంత ఏడిపించినా నవ్వి ఊరుకునేవాడు. రేసులకూ వెళ్లడం మానేశాడు. సంసారంలో పడ్డాక అందరూ అంతే కదా అనుకున్నాను.

ఎన్ని ఆదివారాలు అలా గడిచాయో! ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ముఖానికి చల్లగాలి తగిలినట్టుంటుంది.

కిందటేడు ఆయన గుండెకు చిన్న మరమ్మతు చేశారు. "సైకిలు తొక్కండి, మంచిదే. ఆయాసం మాత్రం రాకూడదు" అంది డాక్టరమ్మ. అంటే వెనక ఇంకా పెద్ద పళ్లచక్రం వేసుకోవాలి. ఉన్న అయిదింటిలో పెద్దదానికే ఇరవై ఒక్క పళ్లు, అది చాలదు. ఇరవై ఎనిమిది పళ్లది కావాలి. ఆ మాట ఎత్తితే మా ఆయన ఇంతెత్తున లేచాడు.

"ఆ ముసలి గేరు పెట్టుకుని ఊరేగనా? దానికన్నా మానేస్తా!"

అన్నంత పనీ చేశాడు. ఆదివారం వస్తే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డును చూస్తూ కూర్చునేవాడు. నాకు భయం పట్టుకుంది. ఇలా వదిలేస్తే ఈ మనిషి ఆ కుర్చీకే అతుక్కుపోతాడు. నాకాయన కుర్చీలో అక్కర్లేదు. ఎత్తు మీద, నా పక్కన కావాలి.

సైకిల్ షాపతని దగ్గర ఇరవై ఎనిమిది పళ్లది బిగించి ఉన్న వెనక చక్రమే అడిగి తెచ్చాను. "ఏవండీ, ఒక్క పరీక్ష. ముందుదే బాగుందంటే ఈ జన్మలో మళ్లీ అడగను" అని, ఆ చక్రం వీపుకు కట్టుకుని, ఆయన్ని పిట్టగోడ దాకా లాక్కెళ్లాను. కిందికి చూడకూడదని ఒట్టు వేయించుకున్నాను.

మొదట పాత చక్రంతోనే కొంచెం దూరం ఎక్కి రమ్మన్నాను. ఒగరుస్తూ దిగాడు. అటు తిరగమని కొత్తది బిగించాను. ఈసారి ఎక్కి దిగినా ఊపిరి మామూలుగానే ఉంది.

"ఇదా, ముందుదా?"

"ముందుదే. ఇది గాల్లో కాళ్లాడించినట్టుంది" అన్నాడు మొండిగా.

"సరే, ముందుదే పెడతాను, అటు తిరగండి." పానాలు గలగలలాడించాను గానీ చక్రాన్ని ముట్టుకోలేదు. మళ్లీ ఎక్కి, హాయిగా దిగి వచ్చాడు.

"ఆఁ! ఇదీ సైకిలంటే! కాళ్లకు పని దొరికింది."

"ఇప్పుడు కిందికి చూడండి."

చూశాడు. ఒక్క క్షణం ముఖం వాడిపోయింది. తర్వాత గోడ మీద కూలబడి పగలబడి నవ్వాడు.

"నా కిటుకు నాకే వేశావా! పోన్లే, లెక్క సరిపోయింది. నువ్వూ ఈ గోడ దగ్గరే దొరికావుగా."

"నేనా?"

"బరువు గేరు పెడితే రొప్పుతూ వచ్చి 'ఇదే బాగుంది' అన్నావు. మార్చానని చెప్పి మార్చకుండా పంపితే 'ఇది ఇంకా తేలిక' అన్నావు. తేలిక గేరు పెడితే నాతో సమానంగా రాలేవని నీ భయం. అందుకే నీకు తేలికదే పెట్టేసి..." అని ఆగిపోయాడు.

"పెట్టేసి?"

"ఇంటికెళ్లి గడియారం చూడు. టైము కాదు, పళ్లు."

ఇంటికి రాగానే స్టూలెక్కాను. ఆయన కూర్చి ఇచ్చిన కళ్లజోడు పెట్టుకుని, వేలితో తడుముతూ చుట్టూ చూశాను. ఒక్క పన్ను అరగలేదు. అన్నీ నిటారుగా, పదునుగా ఉన్నాయి. ఆ చక్రం ఉంటే చదును రోడ్డు మీద ఆయన్ని అందుకోవడం నా తరమా? ముందు ఒళ్లు మండింది, నేను పోయిన గొప్పలన్నీ గుర్తొచ్చి. తర్వాత ఆ స్టూలు మీదే నిలబడి ఏడ్చాను.

"ఏమోయ్, పడతావు, దిగు" అన్నాడు గుమ్మంలోంచి.

"ఇన్నేళ్లూ నాతో ఈడ్చుకుంటూ తొక్కడం విసుగేయలేదా మీకు?"

"కప్పులు గెలిచిన రెండుసార్లూ నా పక్కన ఎవరూ లేరు. ఎవరితో మాట్లాడను?"

మర్నాడు సైకిల్ షాపుకు వెళ్లాను. ఆయన సైకిలుకు ఆ చక్రమే ఖాయం చేయించి, నా సైకిలుకూ అలాంటిదే వేయమన్నాను.

షాపతను వంగి చూశాడు. "మీది శుభ్రంగా ఉంది కదమ్మా, ఎందుకు మార్చడం?"

"అరిగిపోయింది, వేసెయ్యి" అన్నాను.