మా ‘ఈ రోజుకి’ మావయ్య

మా మావయ్య ‘ఈ రోజుకి’ అనే మాట తగిలించకుండా ఏ ప్రశ్నకీ జవాబు చెప్పి ఎరగడు. ఆయన అంతర్జాతీయ పన్నుల లాయరు. ఒక దేశంలో కంపెనీ పెట్టి ఇంకో దేశంలో సరుకు అమ్ముకునేవాళ్లకి, ఏ దేశం పన్ను అడగొచ్చో ఏ దేశం అడగకూడదో చెప్పడం ఆయన వృత్తి. ఆ చట్టాలు ఒక చోట నిలిచే రకం కాదు కాబట్టి ఆఫీసులో ఆ మాట వాడితే ఎవరూ తప్పు పట్టరు. మావయ్య దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు.

“కూరలో ఉప్పు సరిపోయిందా అండీ?” అని అత్తయ్య అడిగితే, “ఈ రోజుకి సరిపోయింది” అనేవాడు.

“అంటే నిన్న సరిపోలేదనా?”

“నిన్నటి సంగతి నువ్వు అడగలేదు కదా.”

పెళ్లయిన కొత్తలో అత్తయ్య ఒకసారి, “నేనంటే ఇష్టమేనా?” అని అడిగిందట. ఈయన కాసేపు ఆలోచించి, “ఈ రోజుకి చాలా ఇష్టం” అన్నాడట. ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు ఈయనే ఆవిడ దగ్గరికి వెళ్లి, “నా అభిప్రాయంలో మార్పేమీ లేదు” అని చెప్పాడట. ఈ కథ అత్తయ్య నాకు కనీసం ఇరవై సార్లు చెప్పి ఉంటుంది. ప్రతిసారీ కోపంగా మొదలుపెట్టి నవ్వుతూ ముగించేది.

లా పూర్తయ్యాక నేను ఆయన దగ్గరే జూనియర్‌గా చేరాను. ఆఫీసంటే కళ్లజోళ్ల షాపు మీద రెండు గదులు. మెట్లెక్కుతుంటే కింద అద్దాలు అరగదీసే మిషన్ చప్పుడు మన వెంటే పైకొచ్చేది. ముందు గదిలో నేనూ గుమాస్తాగారూ, లోపలి గదిలో మావయ్యా ఆయన ఫైళ్లూ. దేశానికో ఫైలు. బీరువాలు నిండిపోయి కుర్చీల మీదికి కూడా వచ్చేశాయి. ఎవరైనా పని మీద వస్తే ఒక దేశాన్ని తీసి ఇంకో దేశం మీద పెట్టి వాళ్లని కూర్చోబెట్టేవాళ్లం. ఇప్పుడు నా ఆఫీసులో ఒక్క ఫైలూ కనపడదు. ఎక్కడో చట్టం మారితే కంప్యూటర్ టింగుమంటుంది, నేను చదివి మూసేస్తాను. అప్పుడు మాత్రం చట్టం మారిందంటే మావయ్య కుర్చీలోంచి లేచి, ఆ దేశం ఎవరి కింద ఉందో వెతుక్కునేవాడు.

గుమాస్తాగారు ఉత్తరాల చివర ‘పై అభిప్రాయం ఈ రోజుకి మాత్రమే’ అని టైపు చేసి చేసి విసిగిపోయి, చివరికి ఒక రబ్బరు స్టాంపు చేయించాడు. మావయ్య ఆ స్టాంపు చూసి చంటిపిల్లాడిలా మురిసిపోయాడు. ఆ వారం కరెంటు ఆఫీసుకి రాసిన ఫిర్యాదు మీద గుద్దాడు. అంతటితో ఊరుకోకుండా, మా చెల్లి పెళ్లికి పంపిన శుభాకాంక్షల కార్డు మీద కూడా గుద్దాడు. కలకాలం చల్లగా ఉండండి అని పైన, ఈ రోజుకి మాత్రమే అని కింద. పెళ్లికొడుకు తండ్రి ఆ కార్డు పట్టుకుని మా నాన్నని పక్కకి పిలిచాడు. ఆయనకి నచ్చజెప్పేసరికి మా నాన్న తల ప్రాణం తోకకొచ్చింది.

నేను చేరిన మూడో ఏడు యంత్రాలావిడ మా ఆఫీసుకి వచ్చింది. పుస్తకాలు కుట్టే యంత్రాలకి విడిభాగాలు తయారుచేసే చిన్న కంపెనీ ఆవిడది. పద్నాలుగు మంది పనివాళ్లు. అందులో డిజైనరమ్మాయి గీసి ఇస్తేనే మిగతా పదమూడు మందికీ పని. ఆ అమ్మాయి భర్తకి వేరే దేశంలో ఉద్యోగం వచ్చి కాపురం అక్కడికి మారింది. ఈ ఉద్యోగం మాత్రం వదల్లేదు. అక్కడ తన వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని, బొమ్మలు గీసి ఇక్కడికి పంపేది.

యంత్రాలావిడ రెండు దేశాల ఫైళ్లు తీసిన కుర్చీలో కూర్చుని, “ఆ వంటింటి బల్ల మా కంపెనీ బ్రాంచి కింద లెక్కకొస్తుందా సార్?” అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది గానీ మావయ్య నవ్వలేదు. పరాయి దేశంలో మన కంపెనీకి స్థిరమైన చోటు ఒకటి ఉందంటే, ఆ చోటి లాభంలో ఆ దేశం కూడా పన్ను అడుగుతుంది. ఒకప్పుడు చోటంటే ఫ్యాక్టరీ, లేకపోతే బోర్డు తగిలించిన ఆఫీసు. జనం ఇళ్లలోంచి పనిచెయ్యడం మొదలుపెట్టాక, ఒక్కొక్క దేశం ఒక్కొక్క రకంగా చెప్పడం మొదలుపెట్టింది. మావయ్య వారం రోజులు ఆ దేశం ఫైలులో తల దూర్చి, ఆవిడని పిలిపించాడు.

“ఈ రోజుకి బ్రాంచి కాదమ్మా.”

“అదే, ఎప్పటికీ కాదని రాసివ్వండి సార్.”

“ఎప్పటికీ అనే మాట నా దగ్గర లేదమ్మా.”

“పోనీ ఐదేళ్ల దాకా అని రాయండి. మా మరిది భాగస్థుడు. ఈ ‘ఈ రోజుకి’ చూస్తే ఊరుకోడు.”

“రేపు ఏమవుతుందో నాకే తెలీదమ్మా. ఐదేళ్ల సంగతి ఏం రాయను?”

ఆవిడ ఉత్తరం తీసుకుని, కింద స్టాంపు చూసి నిట్టూర్చి వెళ్లింది. నెల తిరక్కుండా ఆవిడ మరిది వచ్చి ఫైలు పట్టుకుపోయాడు. ఊరికి అటువైపు అద్దాల మేడలో ఒక పెద్ద కన్సల్టెన్సీ ఉంది. వాళ్లు కుండబద్దలు కొట్టినట్టు చెప్పారట, ఇక ఎప్పటికీ ఇబ్బంది రాదని. ఎలా రాదో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. “మావయ్యా, ఆ ఒక్క మాట తీసేస్తే నీ సొమ్మేం పోయింది?”

“తీసేస్తే అబద్ధమైపోతుందే.”

“అందరూ అలాగే రాస్తున్నారు. నీ పట్టుదలతో మన కొంప ముంచుతున్నావు.”

“ఈ రోజుకి మునగలేదుగా” అన్నాడు. గుమాస్తాగారు మొహం అటు తిప్పుకుని నవ్వాడు. నేను మధ్యాహ్నం దాకా ఆ ఇద్దరితోనూ మాట్లాడలేదు.

మావయ్యకి ఇంకో అలవాటు ఉండేది. ప్రతి నెలా మొదటి సోమవారం భోజనం కాగానే లోపలి గది తలుపు మూసుకునేవాడు. సాయంత్రం దాకా ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. పడుకుంటున్నాడని గుమాస్తాగారి అనుమానం. పేపర్లో గళ్ల నుడికట్టు నింపుతున్నాడని నా అనుమానం. లోపల్నించి సన్నగా మాటలు వినపడేవి గానీ, చదివింది పైకి వల్లె వేసుకోవడం ఆయనకి మామూలే కాబట్టి మేము పట్టించుకోలేదు.

రెండేళ్లు గడిచాయి. ఒక మొదటి సోమవారం పొద్దున్న మావయ్య దవడ పన్ను పీకించుకుని నేరుగా ఆఫీసుకొచ్చాడు. ఒక బుగ్గ నారింజపండంత అయింది. నోటి నిండా దూది. సాయంత్రం దాకా నోరు విప్పొద్దన్నాడట పళ్ల డాక్టరు. “నొప్పిగా ఉందా మావయ్యా?” అని అడిగితే, తల అడ్డంగా ఊపి, గోడ మీద క్యాలెండర్‌లో ఆ రోజు తేదీ వైపు వేలు చూపించాడు.

భోజనాల వేళకి నన్ను లోపలికి పిలిచి, ఒక పాత నోటుబుక్కు నా ముందు పెట్టాడు. చిత్తుకాగితం మీద ‘ఫోన్లు ఇవాళ నువ్వు చెయ్యి’ అని రాశాడు.

నోటుబుక్కులో ముప్పై ఒక్క ఫోన్ నంబర్లున్నాయి. ఒక్కొక్క నంబరు పక్కన ఆయన చేతిరాతలో ఒక్కొక్క ముక్క. ‘మారలేదు’, ‘మారలేదు’, ‘వచ్చే నెలలో మారొచ్చు, కంగారు వద్దు’. నాకు ఏమీ అర్థం కాలేదు. మొదటి నంబరు నొక్కాను. విత్తనాల వ్యాపారి ఎత్తాడు. ఎక్కణ్నించి చేస్తున్నానో చెప్పాను.

“సారేరమ్మా? ఏమన్నా మారిందా?”

“మారలేదటండి.”

“హమ్మయ్య. ఇంక ఈ నెలంతా హాయిగా పడుకుంటాను.”

ఫోన్ పెట్టి మావయ్య వైపు చూశాను. “ఈయన ఫైలు మూసేసి ఆరేళ్లయింది కదా మావయ్యా?”

మావయ్య కాగితం లాక్కుని రాశాడు. ‘ఫైలు మూశాం. నేను చెప్పిన మాట నమ్మి ఆయన అక్కడ గోడౌను కట్టుకున్నాడు. ఆ మాట చెల్లకుండా పోయిన రోజున నేను కాక ఎవరు చెప్తారు?’

నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. ఇన్నేళ్లూ ఆ స్టాంపుని, ఆయన తప్పించుకోవడానికి పెట్టుకున్న కిటికీ అనుకున్నాను. ఆయన మాత్రం దాన్ని తన మెడకి కట్టుకున్న పని అనుకుంటున్నాడు. ఈ రోజుకి ఇంతే అన్నాడంటే, రేపు మళ్లీ చూసి చెప్తానని అర్థమట. నాకు సిగ్గేసింది. అది కనపడకుండా గబగబా రెండో నంబరు నొక్కాను.

పంతొమ్మిదో నంబరు యంత్రాలావిడది. మమ్మల్ని వదిలేసి రెండేళ్లయిన మనిషి పేరు అక్కడ చూసి తెల్లబోయాను. పక్కన ఎర్రసిరాతో ‘మారింది’ అని ఉంది. అదొక్కటే ఎర్రగా ఉంది.

ఆవిడ మొదటి గంటకే ఎత్తింది. మావయ్య ఎందుకు మాట్లాడలేరో చెప్పి, మీకు ఆయన ఎప్పట్నించి ఫోన్ చేస్తున్నారని అడగబోయాను. ఆవిడే చెప్పింది.

“మీ దగ్గర్నించి ఫైలు తీసుకెళ్లాం కదమ్మా, ఆ అద్దాల మేడ వాళ్లు ఏమన్నారో తెలుసా? ఆ అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసెయ్యండి, ఇక ఎప్పటికీ గొడవే ఉండదు అన్నారు. మా మరిది కాగితం రాయించి సంతకానికి తెచ్చాడు. ఆ మధ్యాహ్నమే సార్ ఫోన్ చేశారు. ‘ఏమీ మారలేదమ్మా, మారితే నేనే చెప్తాను, అప్పటిదాకా ఆ అమ్మాయిని గీసుకోనివ్వండి’ అన్నారు. కాగితం చింపేశాను. అప్పట్నించి నెల నెలా చేస్తూనే ఉన్నారు.”

“ఇవాళ మాత్రం మారిందండి” అన్నాను.

అటువైపు ఆవిడ ఎవరినో యంత్రం ఆపమని కేకేసింది. తర్వాత ఆవిడ నెమ్మదిగా అడిగింది. “అయితే తీసెయ్యాలా? ఆ అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. మొన్ననే చెప్పింది.”

నేను ఆ మాట గట్టిగా పైకి అన్నాను, మావయ్యకి వినపడాలని. ఆయన అప్పటికే రాస్తున్నాడు. నేను ఒక్కో కాగితం అందుకుని చదువుతున్నాను. భర్త ఉద్యోగం కోసం వచ్చి, ఇంట్లోంచి పనిచేసుకునే మనిషితో ఆ దేశానికి పేచీ లేదు. ఆ ఇంట్లో ఉంటూ కంపెనీ తరఫున అక్కడి కస్టమర్లని కలిస్తే మాత్రం ఆ ఇల్లు బ్రాంచి అవుతుంది. పోయిన వారం వాళ్లు చెప్పింది ఇదీ.

“ఆ అమ్మాయి అక్కడ ఎవరినైనా కలుస్తోందా అండీ?”

యంత్రాలావిడ నీళ్లు నమిలింది. “పోయిన నెలలో ఇద్దర్ని కలిసింది. దగ్గరే కదా అని నేనే కలవమన్నాను.”

మావయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు. చెయ్యి బుగ్గకి తగిలి ‘ఊఁ’ అని మూలిగాడు. మళ్లీ రాశాడు. ఇకమీదట కస్టమర్లతో ఆవిడే మాట్లాడాలి. ఆ అమ్మాయి పని గీతల వరకే అని ఉద్యోగపత్రంలో ఈ వారమే రాయించాలి. జరిగిపోయిన ఆ రెండు మీటింగుల సంగతి ఆ దేశం వాళ్లకి మనమే ముందుగా రాసి చెప్తాం, ఆ ఉత్తరం తను చూసుకుంటాడు.

“ఇంతేనా?” అంది ఆవిడ.

“ఇంతేనండి.”

“ఉద్యోగం ఉంటుందా?”

“ఉంటుంది” అన్నాను. మావయ్య బల్ల మీద పెన్సిల్‌తో టకటకా కొట్టాడు. ఆయన ఏం అడుగుతున్నాడో తెలిసి, “ఈ రోజుకి ఉంటుందండి” అని సరిదిద్దాను. అప్పుడు గానీ ఆయన కుర్చీలో వెనక్కి వాలలేదు.

ఆవిడ ఫోన్ ఆయనకి ఇమ్మంది. మాట్లాడలేరంటే, వినడానికి పళ్లతో పనేంటని అడిగింది. ఇచ్చాను. ఆవిడ ఏం చెప్పిందో నాకు వినపడలేదు. మావయ్య మాత్రం చెవులు ఎర్రబడుతుంటే, మధ్యలో అడ్డు తగిలే వీలు లేక, పొగడ్త మొత్తం చివరిదాకా విన్నాడు. ఆయనకి పన్ను పీకించుకున్నప్పటి కంటే అదే ఎక్కువ కష్టమైనట్టు కనపడింది.

సాయంత్రానికి ముప్పై ఒకటీ అయిపోయాయి. అత్తయ్య పంపిన ఐస్‌క్రీమ్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, చెంచాతో కొంచెం కొంచెం నోట్లోకి జారవిడుచుకుంటూ మావయ్య నోటుబుక్కు తిరగేశాడు. ఇరవై ఆరో నంబరు దగ్గర ఆగి, ‘ఎంతసేపు మాట్లాడావు?’ అని రాశాడు. అది ఓడల కెప్టెన్ నంబరు.

“ఒక్క నిమిషం. మారలేదని చెప్పి పెట్టేశాను. ఆయన కంపెనీ ఎత్తేసి ఎనిమిదేళ్లయింది మావయ్యా. ఒంటరిగా ఇంట్లో కూర్చున్న మనిషికి ఏ దేశం చట్టం మారితే ఏంటి?”

‘మోకాలి సంగతి అడిగావా?’

“లేదు.”

‘మళ్లీ చెయ్యి.’

చేశాను. కెప్టెన్‌గారు ఎత్తుతూనే, “ఇందాక ఎవరో అమ్మాయి చేసి, చట్టం మారలేదని చెప్పి ఠక్కున పెట్టేసిందండి” అని ఫిర్యాదు చేశారు.

“అది నేనేనండి. మోకాలు ఎలా ఉందో అడుగుదామని మళ్లీ చేశాను.”

“ఏ మోకాలమ్మా?”

మావయ్య వైపు చూశాను. ఆయన చెంచా పట్టుకున్న చేత్తోనే రెండు వేళ్లు చూపించాడు.

“రెండూ చెప్పండి” అన్నాను.

కెప్టెన్‌గారు గొంతు సవరించుకున్నారు. మావయ్య వాపు లేని సగం మొహంతో నవ్వుతూ, కాళ్లు చాపుకోవడానికి వీలుగా నా వైపు ఇంకో కుర్చీ జరిపాడు. కుడి మోకాలు పూర్తయ్యేసరికి కింద కళ్లజోళ్ల షాపు వాళ్లు షట్టరు దించుకుని వెళ్లిపోయారు. గుమాస్తాగారు తాళంచెవులు నా బల్ల మీద పెట్టి ఆయనా వెళ్లిపోయాడు. ఎడమ మోకాలు అప్పుడే మొదలైంది.