మామగారి కింద పులిహోర

నా చేత్తో నేను చేసిన ఒక పెట్టె ముగ్గురిని ఆకలితో మాడ్చేసింది. ఆ ఘోరం ఇప్పుడు చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మీరు నవ్వకపోయినా మా ఆవిడ సునీత ఎలాగూ నవ్వుతోంది.

మూడేళ్ళ కిందట నాకు క్యాంపర్ పిచ్చి పట్టింది. క్యాంపర్ అంటే కారు వెనక తగిలించుకుని సరిహద్దు దాటి మలేషియా బీచ్‌లకు లాక్కెళ్ళే బుల్లి ఇల్లు. బుకిట్ పంజాంగ్ పేటలో మా ఫ్లాట్‌లో కుర్చీ జరపడానికే చోటుండదు కనుక, ఊళ్ళోనే ఆంగ్ మో కియో పేటలో, మాకు తెలిసిన టాన్ అంకుల్ వర్క్‌షాపు వెనక దాన్ని కట్టాను. చివరికి బయట ముందు భాగాన బిగించే సామాన్ల పెట్టె మిగిలింది. దానికి కంప్యూటర్‌లో పందొమ్మిది బొమ్మలు గీశాను. కుక్కర్‌కు ఒక అర, ఆవకాయ జాడీ కదలకుండా చుట్టూ స్పాంజి. మా పాప ఉయ్యాలకు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు.

ఇంత తాపత్రయం ఎందుకంటారా? మా మామగారు రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా రిటైరయ్యారు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో నేను చేసిన పని చూసి ఒక్కసారైనా "బాగుంది" అన్న పాపాన పోలేదు. ఆయన కాకినాడ నుంచి వస్తున్నారు. ఆ ఒక్క మాటా ఎలాగైనా అనిపించుకోవాలి!

టాన్ అంకుల్ పెట్టె చుట్టూ తిరిగి, "మడత బెడ్ ఓపెన్ చేసి కొలిచావా?" అన్నాడు.

"డ్రాయింగ్‌లో అంతా ఉంది అంకుల్!"

"డ్రాయింగ్ నిద్రపోదు లా," అని, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ "లా"తో తేల్చేసి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆ వర్క్‌షాపు వెనకే ప్రయాణానికి రిహార్సల్ పెట్టాం. పులిహోర, పెరుగన్నం పెట్టెలో సర్దాను. మూత సుతారంగా తెరుచుకుంది, మూసుకుంది. తర్వాత క్యాంపర్ లోపలి మడత మంచాన్ని ముందు వైపు బయటికి వాల్చాను. అది సరిగ్గా పెట్టె మీదికి వచ్చింది. పొద్దున్నే విమానం దిగిన మామగారు, "కాస్త నడుం వాలుస్తానోయ్ అల్లుడూ," అంటూ ఎక్కారు. రెండు నిమిషాల్లో గురక అందుకున్నారు.

"ఏవండీ, పాపకి ఆకలేస్తోంది. గిన్నెలు తీయండి," అంది సునీత.

మూత ఎత్తాను. నాలుగు వేళ్ళ సందు వచ్చింది. మంచం అడుగుకు తగిలి ఆగిపోయింది.

"మంచం మడిచేయండి మరి."

"మీ నాన్నగారితో సహానా?"

"ఆయన్ని లేపారంటే ఊరుకోను! రాత్రంతా నిద్ర లేదు."

ఆ సందులోంచి అరిటాకులు, గరిటె, అప్పడాల ప్యాకెట్టు వచ్చాయి. గిన్నెలు రాలేదు. చుట్టుపక్కల క్యాంటీన్లన్నీ ఆదివారం మూతే. ఆకులు పరుచుకుని ఖాళీగా కూర్చున్నాం. పదేళ్ళ మా పాప హాసిని పెట్టెకు ముక్కు ఆనించి, ఇక్కడి ఇంగ్లీషులో "డాడీ, స్మెల్ కెన్, ఈట్ కెనాట్ లా!" అంది.

గంటన్నరకు మామగారు ఒళ్ళు విరుచుకున్నారు. "మంచం బ్రహ్మాండంగా ఉందోయ్! భోజనాలయ్యాయా?"

"లేదు మామయ్యగారూ."

"నా కోసం ఆగారా, పాపం! ఎక్కడ పెట్టారు?"

"మీ కిందే."

ఆయన దిగారు. నేను మంచం మడిచాను. మూత రెక్కలొచ్చినట్టు లేచింది. ఆయన వంగి అటూ ఇటూ చూసి, నా భుజం తట్టారు.

"బాగుందోయ్ అల్లుడూ. తాళం ఖర్చు లేకుండా మామగారిని పెట్టావు!"

పన్నెండేళ్ళు ఎదురుచూసిన మాట అలా వచ్చింది. అందుకే ఆ ఆవకాయ జాడీ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో, పైన మామగారిని పడుకోబెట్టి కొలవకుండా ఏ పెట్టెకూ మూత బిగించను!