లింకును మోసుకెళ్ళిన మా అత్త

పోయిన వారం మంగళవారం పొద్దున్న పదకొండింటికి కబురు వచ్చింది. గాజువాకలో మా కంపెనీ గేటు దగ్గర నిలబడి లారీ పాసుల మీద సంతకాలు పెడుతున్నాను. ఫోన్ చేసింది వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ దుకాణం భాయ్. "బేటా, మీ అత్త... మా కొట్లోనే. కొత్త చీర మడత విప్పి, వెలుతుర్లో పట్టుకుని చూస్తా చూస్తా అలాగే కూర్చుండిపోయింది. డాక్టర్ని పిలిచాం. అప్పటికే అయిపోయింది" అన్నాడు.

అత్త అంటే మా నాన్నగారి అక్క. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క వీధి ఆవిడది. మావయ్య పోయిన దగ్గర్నుంచీ, అంటే ముప్పై ఏళ్ళకు పైగా, ఇంటింటికీ తిరిగి చీరలు అమ్మింది. ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఏడుపు కంటే ముందు హుషారు వస్తోంది. చదివేవాళ్ళు తప్పుగా అనుకోకండి. ఆవిడ ఉన్న చోట ఎవరూ నెమ్మదిగా మాట్లాడి ఎరగరు. ఆవిణ్ణి నెమ్మదిగా తలచుకోవడం కూడా నాకు చేతకావడం లేదు.

ఆవిడ వ్యాపారానికి ఒక పద్ధతి ఉండేది. కొత్త రకం చీర వస్తే అంచులోంచి నాలుగు పోగులు లాగి, తెల్ల గుడ్డముక్కలో చుట్టి, ఉప్పునీళ్ళ గ్లాసులో ఒక పూట నానబెట్టేది. గుడ్డకు రంగు అంటిందా, ఆ రకం మొత్తం తిరిగి భాయ్ కొట్టుకే. ఎవరింటికి వెళ్ళినా మూట గడప దగ్గరే దించి, ముందు మంచినీళ్ళు అడిగి తాగేది. పిల్లల చదువులు, మోకాళ్ళ నొప్పులు, పక్కింటి గొడవలు అన్నీ అయ్యాక, వాళ్ళే "మూటలో ఏటున్నాదప్పా?" అని అడగాలి. వీధి వీధికీ ఆవిడ 'అప్ప', అంటే అక్క. అప్పుడు గానీ ముడి విప్పేది కాదు. "అడగకుండా ఇప్పితే అది అమ్మకం కాదురా, అడుక్కోడం" అనేది నాతో.

ఇలాంటి మనిషి దగ్గరికి నేను అఫిలియేట్ మార్కెటింగ్ అనే మాట మోసుకెళ్ళాను.

గాజువాకలో ఒక ఫంక్షన్ హాల్లో ఉచిత సెమినార్ అంటే ఒక ఆదివారం వెళ్ళాను. కోటు వేసుకున్న సారు మైకు పట్టుకుని స్టేజీ మీద అటూ ఇటూ తిరుగుతూ, వెనక తెర మీద తన బ్యాంకు ఖాతా బొమ్మలు చూపిస్తున్నాడు. ఏదైనా వస్తువు గురించి చెబుతూ ఫోన్లో ఒక లింకు పంపాలట. ఆ లింకు నొక్కి ఎవరైనా ఆ వస్తువు కొంటే కంపెనీ మనకు కమీషన్ ఇస్తుందట. "మీరు పడుకుని ఉన్నా మీ లింకు మేలుకునే ఉంటుంది! ఆరు నెలల్లో మీ ఉద్యోగానికి మీరే సెలవిస్తారు!" అన్నాడు. హాలంతా ఈలలు. నేనూ వేశాను. నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి ఉంటుందో ఊడుతుందో తెలియక గుండె చిక్కబట్టుకుని బతికేవాణ్ణి. ఆ మాట నాకోసమే చెప్పినట్టు అనిపించింది.

హాల్లోంచి తిన్నగా కంచరపాలెం వెళ్ళి అత్తకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ నాకంటే ఎక్కువ హుషారుగా లేచి నిలబడింది.

"అంటే సరుకు మొయ్యక్కర్లేదా అల్లుడూ?"

"అక్కర్లేదత్తా."

"పెట్టుబడి?"

"రూపాయి పెట్టక్కర్లేదు."

"నచ్చకపోతే తిరిగి ఎవరు తీసుకుంటారు?"

"కంపెనీయే."

"మరి నీకు డబ్బులెందుకిత్తారు?"

"సెప్పినందుకు."

"సెప్పినందుకా! ఓలమ్మా! ముప్పై ఏళ్ళు నోరు పడిపోయేలా సెప్పాన్రా, ఒక్కడూ సెప్పినందుకివ్వలేదు. మోసినందుకే ఇచ్చారు" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ చరుపుతో నా వ్యాపారం మొదలైంది.

నా ఫోన్లో ఉన్న వాళ్ళందరికీ లింకులు పంపాను. కుక్కరు, మిక్సీ, దుప్పట్లు, బల్బులు. రెండు వారాలు గడిచినా ఒక్కరూ కొనలేదు. కొందరు దండం బొమ్మ పెట్టారు. మా బావమరిది నన్ను గ్రూపులోంచి తీసేశాడు. అత్త విని, "లింకు మేలుకుంటే సాలదురా, కొనేవోళ్ళు మేలుకోవాల. ఆ బొమ్మలు నాకు సూపించు" అంది. బొమ్మలన్నీ చూసుకుని, ధరలు వేళ్ళ మీద బట్టీ పట్టి, మర్నాడు చీరల మూటతో పాటు నా లింకుల్నీ నెత్తికెత్తుకుంది.

ఇంక చూడండి! రోజూ సాయంత్రం ఫోన్. "అల్లుడూ, రెండు కుక్కర్లు, ఒక మిక్సీ!" "అల్లుడూ, దుప్పట్లు నాలుగు, బేగి రాసుకో!" కానీ మా వాళ్ళెవరూ లింకు నొక్కరు. ముక్కూ మొహం తెలియని కంపెనీకి ఫోన్లో డబ్బు పంపడమా! అత్త చేతిలో నోట్లు పెట్టి "నువ్వే తెప్పించీ అప్పా" అనేవారు. ఆవిడ ఆ డబ్బు నాకిచ్చేది. నేను నా లింకు నేనే నొక్కి, నా ఖాతాలోంచే, అత్త ఇంటి అడ్రసుకు తెప్పించేవాణ్ణి. నెల తిరిగేసరికి ముప్పై ఒక్క ఆర్డర్లు. అత్త వరండా నిండా అట్టపెట్టెలు. వీధి ఆడవాళ్ళంతా అక్కడే చేరి పెట్టెలు విప్పడం, కుక్కరు విజిల్ ఊది చూడ్డం, నవ్వులు. నా ఫోన్లో కమీషన్ అంకె రోజూ పెరుగుతోంది. అంత ఆనందం నాకు పెళ్ళిలో కూడా లేదు. ఈ మాట మా ఆవిడకు చెప్పకండి.

ఆ ఊపులో రాజీనామా ఉత్తరం టైపు చేయించాను. మర్నాడు ఇచ్చేద్దామని అత్తకు చూపించాను.

"ఇందులో ఏటున్నాది?"

"ఉద్యోగం మానేత్తన్నానని."

వద్దనలేదు. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ఉత్తరం నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. "డబ్బు నీ బేంకులో పడ్డ రోజు నానే వచ్చి మీ ఆఫీసరు సేతిలో పెడతాను. నువ్వు తొందరపడి పాడుసేత్తావు" అంది. లాక్కోబోతే చెయ్యి మీద కొట్టింది. పెద్దదానికి ముచ్చటగా ఉందనుకుని వదిలేశాను.

తొమ్మిది రోజుల తర్వాత మెయిల్ వచ్చింది. సొంత లింకు మీద సొంత ఖాతాలోంచి చేసిన కొనుగోళ్ళకు కమీషన్ చెల్లదట. అన్నీ రద్దు, నా ఖాతా మూసివేత. మొదట్లో 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కిన పేజీలోనే ఆ నిబంధన ఉంది. నేను చదవలేదు. స్టేజీ మీద సారూ చెప్పలేదు. బస్టాపులో నిలబడి మూడుసార్లు చదివాను. ఎక్కాల్సిన బస్సు నా ముందే వెళ్ళిపోయింది. తర్వాతి బస్సెక్కి కంచరపాలెం వెళ్ళాను.

"అత్తా, మొత్తం పోనాది" అన్నాను గుమ్మంలోనే.

"ఏటి పోనాది? ఎవరి కుక్కరైనా పేలిందేటి?"

"కుక్కర్లు బాగానే ఉన్నాయి. నా కమీషనే పోనాది. నా లింకు నానే నొక్కి కొన్నానట."

ఆవిడ తొడ చరుచుకుని నవ్వడం మొదలుపెట్టింది. "మరి నిజమే కదరా! భాయ్ కొట్లో నాకోసం నానే సీర కొనుక్కుని, కొనిపించినందుకు కమీషనియ్యమంటే, నన్ను ఎల్లిపొమ్మనడేటి?" నాకు నవ్వు రాలేదు. అప్పుడు రవికలోంచి ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది. చెమటకు అక్షరాలు అలుక్కుపోయాయి. "సింపీసి, రేపు బేగి డూటీకెల్లు" అంది. అక్కడే చింపేశాను. చింపుతూ ఏడ్చాను కూడా. మా పాపకు అప్పుడు నాలుగేళ్ళు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉండి ఉంటే ఈ రోజు నా ఇల్లు ఎలా ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

అంతటితో ఆగితే ఆవిడ మా అత్త ఎందుకవుతుంది? టీ గ్లాసు నా ముందు పెట్టి, "మళ్ళీ సేద్దాం. ఈసారి ఆ రూల్సు నాకు సదివి ఇనిపించు" అంది. ఇంకో కంపెనీ చూసుకుని, చేరబోయే ముందు నిబంధనలన్నీ తెలుగులో చెబుతూ వినిపించాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఒక్కొక్కదానికీ తీర్పు చెప్పింది. కమీషన్ వస్తుందన్న సంగతి కొనేవాళ్ళకు ముందే చెప్పాలి అన్న చోట ఆగింది. "సెప్పాలా? సెప్తే మరీ మంచిది!" అని మర్నాటి నుంచి ప్రతి గుమ్మం ముందూ గొంతెత్తి చెప్పింది. "ఇదిగో, దీన్ని నొక్కి కొంటే మా అల్లుడికి కొంత వత్తాది. ఇట్టమైతే నొక్కు, లేపోతే మానీ. మంచినీళ్ళైతే ఇవ్వు." దాపరికం లేకపోయేసరికి జనం ఇంకా నమ్మారు. నాకది వింతగా ఉండేది.

అసలు పని అప్పుడు మొదలైంది. అక్షరం రాని మా అత్త ఆ వీధి ఆడవాళ్ళకు ఎవరి ఫోన్లో వాళ్ళే ఆర్డరు పెట్టుకోవడం నేర్పింది! పసుపు బొత్తాం తర్వాత నారింజ బొత్తాం, సరుకు చేతికొచ్చాకే డబ్బు. తడి చేత్తో తెర పని చేయడం లేదని గోల పెడితే, బొటనవేలు కొంగుకు తుడుచుకోమనేది. అడ్రసు దగ్గర మాత్రం నన్ను పిలిచేవారు. "రైలు గేటు దాటాక మూడో సందు, మేకలుంటాయి" అని ఒకావిడ రాయించింది. సరుకు తెచ్చిన అతను మేకల్ని చూసి నిజంగానే ఇల్లు పట్టుకున్నాడు.

నాకూ ఆవిడకూ ఒక్కసారి గట్టిగా గొడవైంది. ఒక కొత్తరకం మిక్సీకి కమీషన్ మామూలు కంటే రెట్టింపు. అత్త ముందు ఒకటి తెప్పించి పప్పు రుబ్బి చూసింది. కాలిన వాసన వచ్చింది. "ఇది వద్దు" అంది.

"మొదట్లో అలాగే వత్తాదత్తా. కమీషన్ ఎక్కువిత్తన్నారు."

"ఎందుకు ఎక్కువిత్తన్నారో అడిగేవేటి? కంపెనీ వాడు ఈ సందులోకి రాడు. రేపు ఈళ్ళ మొకాలు సూడాల్సింది నాను."

రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడోరోజు ఆవిడే ఫోన్ చేసి, ఏమీ జరగనట్టు, "అల్లుడూ, దుప్పట్లు మూడు" అంది.

మొదటి డబ్బు బ్యాంకులో పడడానికి నాలుగు నెలలు పట్టింది. అంకె చెబితే స్టేజీ మీద సారు నవ్వుతాడు. పాపకు ఒక నెల స్కూలు వ్యానుకూ, అత్తకు ఒక జత మంచి చెప్పులకూ సరిపోయింది. "నొక్కింది ఆళ్ళు, నడిసింది నాను" అని ఆ చెప్పులు దర్జాగా తీసుకుని, వీధి పొడుగునా ప్రతి ఇంటి ముందూ ఆగి, "లింకు సెప్పులే! సూడండి!" అని పాదం ఎత్తి చూపించింది. ఆ రోజు ఆవిడ మొహంలో వెలుగు మాకెవరికీ మరుపు రాదు.

అడిగేవాళ్ళకు నేను ఇదే చెబుతాను. ఇందులో డబ్బు ఉంది, అబద్ధం కాదు. కొన్ని నెలలు వ్యాను ఫీజు వస్తుంది, కొన్ని నెలలు టీ ఖర్చు కూడా రాదు. ఆ ఉచిత సెమినార్ తర్వాత, అసలు కిటుకులు నేర్పే గోల్డ్ బ్యాచ్ అంటూ చాలామంది చేత ఫీజు కట్టించుకున్నారు. ఆ రోజు హాల్లో నిజంగా సంపాదించింది ఆ సారు ఒక్కడేనని నాకు చాలా కాలానికి అర్థమైంది. నేను ఇప్పటికీ గేటు దగ్గర లారీ పాసుల మీద సంతకాలు పెడుతున్నాను. పడుకుని ఉండగా నాకు ఎప్పుడూ డబ్బు రాలేదు. వచ్చినదల్లా అత్త నడుస్తుండగా వచ్చింది.

నిన్న పెద్దకార్యం. భోజనాలయ్యాక, అదే వీధిలో ఇడ్లీలు అమ్మే ఆవిడ ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తెర మీద పిండి రుబ్బే గ్రైండరు. అత్త పోవడానికి రెండు రోజుల ముందు హడావిడిలో వీధిలో అందరికీ నేను పంపిన లింకు. దానికి కమీషన్ బాగా ఎక్కువ.

"బాబూ, ఇది నీదేనా?"

"నాదేనమ్మా."

"మా గ్రైండరు కాలిపోనాది. రోజూ రెండు కుంచాలు రుబ్బాల. మీ అత్త సూసిందా దీన్ని?"

చూసిందని అంటే సరిపోయేది. కాదనడానికి ఆవిడ లేదు.

"లేదమ్మా. నానూ సూడలేదు" అన్నాను.

ఆవిడ విసుక్కోలేదు. ఇంకో చోట కొనుక్కుంటాననీ అనలేదు. "అయితే నువ్వు సూసి సెప్పు. అందాకా మా సెల్లిలింట్లో రుబ్బుకుంటాను" అని అరుగు మీద కూర్చుంది. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. అత్త నేర్పినట్టే బొటనవేలు కొంగుకు తుడుచుకుంది గానీ, నా మాట కోసం, బొత్తాం మీద ఆనించలేదు. తెరకు అంగుళం ఎత్తులో అలాగే ఆపింది. ఆ గోటి చివర ఆరిన పిండి తెల్లగా కనిపిస్తోంది.