రెండో సూది

పదకొండేళ్లుగా ఒక మాట కడుపులో దాచుకుని బతుకుతున్నాను. బిడ్డ పెరిగిన చోటే ఆ మాటా ఉందనుకునేదాన్ని. కానీ ఆ గర్భసంచీని డాక్టర్లు కోసి తీసేశారు, మాట మాత్రం పోలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది హత్నూర వైపు ఒక ఊరు. నా భర్త బొల్లారంలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. నాకది తొలి కాన్పు. డాక్టర్ చెప్పిన తేదీ వచ్చినా నొప్పులు రాలేదు. తెల్లారితే అమావాస్య. అమావాస్య నాడు పుట్టిన బిడ్డ తండ్రికి అచ్చిరాదని మా అత్త ఒకటే గాబరా. ఊళ్లో సూదులు వేసే ఆయన ఒకడున్నాడు. పెద్దగా చదువుకోలేదు, కానీ అందరూ డాక్టరనే పిలుస్తారు. అత్త ఆయన్ని ఇంటికి పిలిపించి నాకు నొప్పుల సూది వేయించింది. మా వైపు ఇది కొత్తేమీ కాదు. ఇంట్లో సూది వేయించుకుని, నొప్పులు అందుకున్నాక ఆసుపత్రికి పోతారు. అక్కడ ఆ సంగతి ఎత్తరు. ఎత్తితే పట్నం పంపేస్తారని భయం.

మొదటి సూది అత్త వేయించింది. రెండోది నేను అడిగి వేయించుకున్నాను.

ఈ ఒక్క ముక్క రాయడానికి ఇంతసేపు పట్టింది నాకు. అత్త ఆటో మాట్లాడడానికి బయటికి పోయింది. నొప్పులు వచ్చినట్టే వచ్చి ఆగిపోతున్నాయి. ఇంకొకటి వేయమన్నాను. ఆయన వద్దనలేదు. ఎందుకడిగాను? అమావాస్యకు భయపడా? కాదు. అత్త మీదికి నెట్టేద్దామని ఎన్నిసార్లు చూశానో, ప్రతిసారీ ఇక్కడికే వచ్చి ఆగిపోయాను. నాకు ఓపిక లేదు, అంతే. చిన్నప్పటి నుంచీ నాకు ఏ పనైనా తొందరగా అయిపోవాలి.

ఆసుపత్రిలో కాన్పుల గదికంతా ఒక్కతే సిస్టర్. నలభై ఏళ్లుంటాయి. నా పొట్ట మీద చెయ్యి పెట్టి, నా మొహంలోకి చూసింది.

"బయట సూది గిట్ల ఏమన్న ఏయించుకున్నవా? నిజం చెప్పు. నేనేం తిట్ట."

"లేదు సిస్టర్."

"ఒట్టు?"

"ఒట్టు."

నమ్మింది. డాక్టర్‌ను ఫోన్‌లో అడిగి నొప్పుల మందు కలిపిన సెలైన్ పెట్టింది. ఆ తర్వాత నాలో మొదలైంది నొప్పి కాదు. లోపల ఎవరో కాళ్లతో తొక్కి తొక్కి చంపుతున్నట్టుంది. మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు కూడా లేదు. అరిచాను. ఆమెను తన్నాను. ఆమె నా తొడల మీద చాచి కొట్టింది. ఒకసారి కాదు. "మొగని దగ్గరికి పోయినప్పుడు లేదా ఈ లొల్లి? ముక్కు!" అంది. పక్క బల్ల మీది ఆమె నవ్వింది. నవ్విన ఆ మొహం కూడా మరిచిపోలేదు నేను. కాసేపటికి లోపల ఏదో చిరిగింది. ఒక్కసారిగా నొప్పి ఆగిపోయింది. సిస్టర్ మొహం తెల్లబోయింది. "డాక్టర్!" అని ఆమె పెట్టిన కేక ఒక్కటే గుర్తుంది నాకు.

కొడుకు. చనిపోయే బయటికొచ్చాడు. నా గర్భసంచి పనికిరాకుండా చిరిగిపోయిందని తీసేశారు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి కంపెనీలో షిఫ్టు దిగింది. కంపెనీ బస్సు ఊళ్లకు పోకుండా నేరుగా ఆసుపత్రి ముందు ఆగింది. నా భర్త ఫోన్ చేసి చెప్పాడట. ముప్పై మంది యూనిఫాంలతోనే వార్డులోకి దూసుకొచ్చారు. గదంతా రసాయనాల వాసన. సిస్టర్ నా మంచం పక్కనే ఉంది, నాకు బీపీ చూస్తోంది. నా భర్త ఆమె జుట్టు పట్టి కిందికి గుంజాడు. ఎవరో కాలితో తన్నారు. కింద పడ్డ మనిషి వాళ్ల వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"అమ్మా, నేను అడిగిన గద! నువ్వే చెప్పు, అడిగిన గద!"

నా భర్త చెయ్యి ఆపి నా వైపు తిరిగాడు. "ఏం అడిగింది? ఏం జేసింది నిన్ను?"

"నన్ను కొట్టింది" అన్నాను.

అది అబద్ధం కాదు. దుప్పటి తీసి తొడ మీద కమిలిన మచ్చలు కూడా చూపించాను. నిజాన్ని అంత నీచంగా వాడుకున్నదాన్ని నేనింకెక్కడా చూడలేదు. నా భర్త సెలైన్ స్టాండు ఎత్తాడు. ఆమె కుడిచెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకు మంచం మీదికి వినిపించింది. ఆపలేదు. విరిగిన చేతి మీదే మళ్లీ కొట్టాడు. నేను కళ్లు మూసుకోలేదు. నాకు సంతోషంగా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ ఉంది. నా తొడల మీది దెబ్బలకు, ఆ లం... అనలేదు గానీ మనసులో అంతకన్నా పెద్ద మాటే అనుకున్నాను. ఇంకొక్కటి వెయ్యి అనుకున్నాను.

మూడో రోజు నాకు పాలొచ్చాయి. రొమ్ములు రాళ్లలా గట్టిపడి జ్వరం వచ్చింది. పిండి పారబోశాను.

పోలీసులొచ్చారు, పెద్దమనుషులొచ్చారు. రెండు వైపులా కేసు వద్దని రాజీ చేసుకున్నారు. సిస్టర్ ఉద్యోగం మానేసిందని తర్వాత తెలిసింది. నా భర్త మెత్తటి మనిషి. మీరు నమ్మరు, అంతకు ముందూ ఆ తర్వాతా ఎవరి మీదా చెయ్యెత్తలేదు. పిల్లల్లేరని నన్నొక మాట అనలేదు. నలుగురు కూర్చున్నప్పుడు మాత్రం, "నా పెండ్లాన్ని కొట్టినదాని చెయ్యి ఇరగ్గొట్టిన" అని చెప్పుకుంటాడు. నేను పక్కన కూర్చుని వింటాను.

ఈ మాటను చచ్చేదాకా నాతో పాటే మోసేద్దును. పోయిన నెల జిన్నారం పోతుంటే షేర్ ఆటోలో ఆ సిస్టర్ ఎదురుగా కూర్చుంది. కుడిచెయ్యి వంకరగా ఒళ్లో పడి ఉంది. నన్ను గుర్తుపట్టింది. తిడుతుందని బిగుసుకుపోయాను. ఆమె ముందుకు వంగి, పక్కవాళ్లకు వినపడకుండా అంది:

"ఆ మందు నేను పెట్టకపోతే నీ కొడుకు బతికేటోడు అమ్మా. ఇగ ఆ పనే బంద్ జేసిన. ఇంకోళ్ల పిల్లలను ముట్టాలంటే భయమైతది. నిన్ను కొట్టిన గూడ. తప్పే. మాఫ్ జెయ్యి."

సూదుల సంగతి తెలిస్తే ఆ మందు పెట్టేదే కాదు, అయినా తనే చంపానని అనుకుంటోంది. పదకొండేళ్లుగా! ఆమె దిగాల్సిన చోటు ఇంకా దూరమే. ఒక్క మాట చెప్పడానికి కావలసినంత టైము ఉంది. నోరు తెరిచాను కూడా.

"పోనీ సిస్టర్. అయ్యిందేదో అయ్యింది. నా మనసుల ఏం లేదు" అన్నాను.

ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "దేవుడు నిన్ను సల్లగ సూడాలె" అని దిగిపోయింది.

ఆమెను నేను క్షమించాను! చూశారా?

ఆమె ఇల్లెక్కడో కనుక్కోవడం పెద్ద పనేం కాదు. పోతానా? పోనేమో. నా గురించి నాకు తెలుసు. రెండు సూదులు వేయించుకున్నాను, అడిగితే లేదన్నాను. మీకైతే చెప్పాను. ఇవాళ్టికి ఊపిరాడుతోంది.