ములూఖియా ఆకూ, అమెరికా కోర్టూ

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. రాయకపోవడానికి కారణం తీరిక లేకపోవడం కాదు, అక్షరాలు రాకపోవడం. మా కోనసీమలో బడి కాలవకి అవతలి గట్టున ఉండేది, మా ఇల్లు ఇవతలి గట్టున. మా తమ్ముడు బల్లకట్టు ఎక్కి బడికెళ్ళేవాడు. నేను చెల్లెల్ని చంకనేసుకుని గట్టు మీద నిలబడి అవతల పిల్లలు ఎక్కాలు వల్లించడం వినేదాన్ని. నీళ్ళ మీంచి మాట బాగా వినిపిస్తుంది. అందువల్ల పన్నెండో ఎక్కం దాకా నోటికి వచ్చు గానీ, పన్నెండు అంకె ఎలా ఉంటుందో తెలిసేది కాదు. ఆ తరవాత కొబ్బరిపీచు పని, పెళ్ళి, పిల్లలు, మా ఆయన పోవడం, కువైట్ రావడం. ఎక్కడా అక్షరాలకి సందు దొరకలేదు. పాస్‌పోర్టులో సంతకం ఉండాల్సిన చోట నా వేలిముద్ర ఉండేది. యాభై దాటాక నేర్చుకున్నాను. ఇప్పటికీ ఒత్తు రాయాలంటే నాలిక కొస బయటికొస్తుంది, చూసినవాళ్ళు నవ్వుకుంటారు.

నిన్న మధ్యాహ్నం ఇక్కడ దుమ్ముగాలి లేచింది. ఈ పొద్దున వంటగది కిటికీ తెరిస్తే, వాకిట్లో కారు వేపుడు కోసం పిండిలో దొర్లించిన చేపలా ఉంది. ఆ కారు అద్దం చూశాక పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే మర్చిపోయాను. పాలు పొంగాయి. పొంగితే పొంగాయి, ఇవాళ రాసెయ్యాలి అనుకున్నాను.

నేను పనిచేసే ఇల్లు సాల్మియాలో, సముద్రానికి దగ్గర. ఇక్కడ ఇంటి ఇల్లాలిని పనివాళ్ళం మామా అంటాం. మొదట్లో ఆ పిలుపు నా నోటికి తిరిగేది కాదు, మీసాలున్న మేనమామ కళ్ళ ముందు మెదిలేవాడు. ఆవిడకి ఒక్కతే కూతురు. నేనొచ్చేసరికి పొత్తిళ్ళలో ఉంది. నేను దాన్ని "అమ్మాయ్, అమ్మాయ్" అని ఆడించేదాన్ని. అదే నా పేరనుకుందో ఏమో, మాటలు రాగానే నన్నే అమ్మాయ్ అని పిలవడం మొదలుపెట్టింది. ఇవాళ్టికీ అంతే. తల నెరిసిపోయిన నన్ను ఈ భూమ్మీద అమ్మాయ్ అని పిలిచే మనిషి ఆ పాప ఒక్కతే.

పాపకి నత్తి. అస్తమానూ కాదు. ఎవరైనా తన మొహంలోకి చూస్తుంటే మొదటి అక్షరం గొంతులో ఇరుక్కునేది. చూడకపోతే సెలయేరే. ఇది నాకు ఎలా తెలిసిందంటే, చేపలు బాగుచేసే రోజుల్లో తెలిసింది. ఆ ఇంటి డ్రైవరూ తెలుగువాడే, నేను తమ్ముడూ అని పిలుస్తాను. ఆయన షర్క్ బజారు నుంచి జుబైదీ చేపలు తెచ్చేవాడు. నేను తల వంచుకుని పొలుసు తీస్తుంటే, పాప పక్కన బల్ల మీద కూర్చుని బళ్ళో జరిగినవన్నీ తడుముకోకుండా చెప్పేది. నేను తలెత్తితే ఆగిపోయేది. కాబట్టి చెయ్యి కోసుకున్నా తలెత్తకూడదని నియమం పెట్టుకున్నాను. చేపలు లేని రోజు ఉల్లిపాయలు, ఉల్లిపాయలు లేని రోజు బియ్యం. ఆ ఇంట్లో బియ్యంలో రాళ్ళుండవు. అయినా ఏరేదాన్ని.

అలాంటి పిల్ల పెద్దయ్యి లా చదువుతానంది. మామా బిత్తరపోయింది. నోరే పెట్టుబడి అయిన చదువు ఈ పిల్లకెందుకని ఆవిడ బాధ. చెడ్డమనిషి కాదు, కూతురు నలుగురిలో నిలబడి నవ్వులపాలవుతుందని భయం. అయినా చేర్పించింది. కాలేజీలో అమెరికా కోర్టుల పెద్ద పెద్ద కేసులు ఒక పాఠం. పాప వాటిని రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటగదిలోకి తెచ్చి, నా వంచిన తలకి అప్పజెప్పేది. అరబీ సగం, హిందీ సగం, అప్పుడప్పుడు నా దగ్గర నేర్చిన "అదిగో", "అబ్బే". అలా నేను అమెరికా చూడకుండానే దాని కోర్టులన్నీ తిరిగాను.

ఒక నల్లపిల్ల కథ చెప్పింది. ఇంటికి దగ్గర్లో బడి ఉంది, కానీ అది తెల్లపిల్లలది. అందుకని ఆ పిల్ల రైలు పట్టాల పక్కన నడిచి, బస్సెక్కి దూరపు బడికి వెళ్ళేదట. వాళ్ళ నాన్న, ఇంకొందరు తల్లిదండ్రులు కలిసి కోర్టుకెళ్ళారు, గెలిచారు. నాకు మా బల్లకట్టు గుర్తొచ్చింది. మా నాన్న కోర్టుకెళ్ళడం మాట అటుంచి, కరణం గారింటి మెట్టు కూడా ఎక్కేవాడు కాదు. ఇంకోరోజు బానిసలుగా బతికిన మొగుడూ పెళ్ళాల కథ. మాకు స్వేచ్ఛ ఇప్పించండని అర్జీ పెట్టుకున్నారు. రాయడం రాదు గనక సంతకం బదులు ఒకదానికొకటి అడ్డంగా రెండు గీతలు గీశారట. ఏళ్ళ తరబడి నడిపి, చివరికి మీరసలు ఈ దేశపు మనుషులే కాదు పొమ్మంది కోర్టు. తరవాత ఇంకెవరో దయతలిచి విడిపించారని పాప చెప్పింది గానీ, నాకు కోపం చల్లారలేదు. ఆ సాయంత్రం దానికి టీలో పంచదార వెయ్యలేదు. తీర్పు అది రాసినట్టు.

నన్ను పట్టుకున్నది మాత్రం పెన్సిలు మనిషి కేసు. బీదవాడు. బిలియర్డ్స్ ఆడే చోట తలుపు పగలగొట్టి దొంగతనం చేశాడని పట్టుకున్నారు. నాకో వకీలుని ఇప్పించండి అని జడ్జిని అడిగాడు. ఉరిశిక్ష పడే కేసైతే తప్ప ఇవ్వం అన్నారు. తన కేసు తనే వాదించుకుని ఓడిపోయి జైలుకెళ్ళాడు. జైల్లో చట్టం పుస్తకాలు చదివి, ఆ దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టుకి పెన్సిలుతో అర్జీ రాసి పంపాడు. ఇక్కడిదాకా చెప్పాక పాప జ్వరం వచ్చి పడుకుంది.

నాకు ముద్ద దిగలేదు. జైల్లో ఆ మనిషి ఏం తింటున్నాడో, ఆ కాగితం చేరిందో లేదో. మా వైపు ఇలాంటప్పుడు ముడుపు కడతాం. పసుపు గుడ్డలో నాణెం వేసి, పని జరిగితే స్వామికి చెల్లిస్తామని మొక్కి ముడేస్తాం. నేనూ ఒక గుడ్డముక్క పసుపులో తడిపి, ఇక్కడి నాణెం వంద ఫిల్సు బిళ్ళ పెట్టి, స్వామీ, ఆ మనిషిని విడిపించు, ఈసారి సెలవుకొచ్చినప్పుడు తెచ్చి ఇస్తానని మొక్కుకున్నాను. మసాలా అలమరలో యాలకుల డబ్బా వెనక కట్టి వేలాడదీశాను.

జ్వరం తగ్గి పాప వంటగదిలోకి రాగానే అడిగాను, ఆయన సంగతి ఏమైందని. వదిలేశారంది. పెద్ద కోర్టు అర్జీ తీసుకుని, ఆయనకి మంచి వకీలుని పెట్టి, బీదవాడికైనా వకీలు ఉండి తీరాలని చెప్పిందట. మళ్ళీ విచారణ జరిగింది, వకీలు వాదించాడు, నిర్దోషి అన్నారు. నేను రెండు చేతులూ జోడించి, ఎప్పుడు వదిలారు, నిన్నా మొన్నా అన్నాను.

పాప నా జోడించిన చేతులు పట్టుకుని కిందికి దించింది. "అమ్మాయ్, అది మా అమ్మ పుట్టకముందు."

అప్పుడే కూరల సంచితో లోపలికొచ్చిన డ్రైవరు తమ్ముడు విషయం విని గోడకి ఆనుకుని నవ్వాడు. ఆయనది రాయచోటి. మొదట్లో అమ్ఘరాలో పాత ఇనుము కొట్లో పనిచేసి తరవాత ఈ ఇంట్లో చేరాడు. నమాజు తప్పడు, నవ్వు అస్సలు తప్పడు. "ఏందక్కా, ఆ మనిషి ఇడుదలై, బతికి, సచ్చిపోయి గూడా శానా ఏండ్లాయె. ఇంక మీ సామి యెవుర్ని ఇడిపించాల?" అన్నాడు. పని ముందే అయిపోయింది గనక ముడుపు చెల్లదని ఆయన వాదన. మొక్కినప్పుడు నాకు తెలీదు గనక చెల్లుతుందని పాప వాదన. ఇద్దరూ నన్నే జడ్జిని చేశారు. బెండకాయలు తరుగుతూ ఇద్దరి మాటా విని తీర్పు చెప్పాను. ముడుపు విప్పేది లేదు. ఆ మనిషికి నోరు దొరికింది, అది స్వామి ఎప్పుడో చేసిపెట్టాడు. ఇక ఈ పిల్లకి నోరు దొరకాలి. ముడుపు ఈ పిల్ల మీదికి మారుస్తున్నాను. పాప నా భుజం మీద తల పెట్టింది.

ఎందుకలా అన్నానంటే, కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పోటీ దగ్గర పడుతోంది. ముగ్గురు పంతుళ్ళు జడ్జిల్లా కూర్చుంటారు, పిల్లలు పాత కేసులు వాదించాలి. పాపకి పెన్సిలు మనిషి తరఫు వచ్చింది. అంతకుముందు పోటీలో లేచి నిలబడి ఒక్క మాట పెగలక కూర్చుండిపోయింది. మామా ఈసారి గట్టిగానే చెప్పేసింది. "ఇప్పుడు కూడా మాట్లాడలేకపోతే ఖలాస్. వచ్చే టర్ము నుంచి అకౌంట్సు." పాప ఎదురు చెప్పలేదు. చెప్పాలన్నా మొదటి అక్షరం రావాలి కదా.

ఇక రోజూ వంటగదిలో కోర్టే. డ్రైవరు తమ్ముడు ప్రభుత్వం తరఫు. బీదోళ్ళందరికీ వకీళ్ళనిస్తే ఆ వకీళ్ళ కార్లకి పెట్రోలు ఎవరు పోస్తారని ఆయన అడిగేవాడు. పాప నవ్వుకుంటూనే జవాబు చెప్పేది, ఎక్కడా తట్టుకునేది కాదు. నేను తల వంచుకుని ఉన్నంతసేపూ. పోటీ ముందురోజు మాత్రం మెల్లిగా అంది, "అక్కడ అందరూ నన్నే చూస్తారు, అమ్మాయ్." ఫ్రిజ్ తెరిచి ములూఖియా కట్టలెన్ని ఉన్నాయో చూసుకున్నాను.

ములూఖియా ఇక్కడివాళ్ళు ఇష్టంగా తినే ఆకు. ఉడికితే బచ్చలిలా జిగురు. కాడ నుంచి ఒక్కొక్క ఆకే తుంచాలి, కాడ ముక్క పడితే నోట్లో పీచు తగులుతుంది. ఎంత కూర్చున్నా తరగని పని. మర్నాడు పెద్ద గుడ్డసంచి నిండా ఆ కట్టలు కుక్కి, నేనూ వస్తానని మామాని బతిమాలాను. కాలేజీ గుమ్మం దగ్గర కాపలావాడు సంచి తెరిపించి ఆకులు చూసి తెల్లమొహం వేశాడు. డ్రైవరు తమ్ముడు ముందుకొచ్చి, ఈమెకి మోకాళ్ళ నొప్పి, ఇది మందాకు అని అరబీలో చెప్పాడు. తరవాత నా చెవిలో, "అబద్ధమేం గాదులే అక్కా, మందే గదా" అన్నాడు.

లోపల ఏసీ చలి. ముందు వరసలో మామా పక్కన కూర్చున్నాను. పాపని పిలిచారు. లేచి నిలబడింది. మొదటి అక్షరం గొంతు దగ్గర కొట్టుకుంటోందని నాకు చూడకుండానే తెలుసు. వెనకెవరో దగ్గారు. నేను సంచి విప్పి, ఒడిలో గుడ్డ పరిచి, తల వంచి ఆకు తుంచడం మొదలుపెట్టాను. మామా నా మోచేయి పట్టుకుంది. "ఇక్కడా?" అంది, పెదాలతోనే. నేను తల ఎత్తలేదు. పచ్చివాసన లేచింది. ఆ వాసన వంటగదిది. ఒక ఆకు, ఇంకో ఆకు. తొందరలో వేళ్ళ మధ్య కాడలు జారిపోతున్నాయి. ఇంతలో నా ఒడిలోకి ఇంకో చెయ్యి వచ్చింది. బంగారు గాజుల చెయ్యి. మామా ఒక కాడ తీసుకుంది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆవిడ ఆకు తుంచడం నేనెప్పుడూ చూడలేదు. ఎలా తుంచాలో కూడా తెలీదు, పీకేస్తోంది. కానీ తల వంచింది.

పాప నోరు విప్పింది. మొదటి మాట రెండుసార్లు తట్టుకుంది, మూడోసారి బయటపడింది. ఇక ఆగలేదు. ఇంగ్లీషులో మాట్లాడింది గనక నాకు మాటలు తెలీలేదు గానీ, ఏ చోట ఉందో తెలుస్తూనే ఉంది. ఇదిగో ఇక్కడ వకీలుని అడిగాడు. ఇక్కడ కాదన్నారు. ఇక్కడ పెన్సిలు. పిల్ల మొహం ఎలా వెలిగిపోతోందో చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూడలేదు. ఇప్పటిదాకా ఎవరైనా అడిగితే ఆ రోజు పాప వాదన విన్నానంటాను గానీ చూశాననను. చప్పట్లు మోగాక తలెత్తితే, మామా ఇంకా కిందికే చూస్తోంది. ఆవిడ ఒడిలో ఆకులకన్నా కాడలు ఎక్కువున్నాయి.

మొదటి బహుమతి పాపకి రాలేదు. గొంతు పెద్దదైన ఒక అబ్బాయికి వచ్చింది. రాత్రి భోజనంలో ములూఖియా వడ్డించాను. మామాకి పంటి కింద కాడ తగిలింది. మామూలుగా అయితే గిన్నె వంటగదికి తిరిగొచ్చేది. ఆవిడ ఆ పీచు తీసి కంచం అంచున పెట్టి, ఇంకో గరిటె వేయించుకుంది. తరవాత కూతురి వైపు చూడకుండా, కంచంలోకే చూస్తూ, "అకౌంట్సు ఖలాస్" అంది. ముడుపు ఆ ఏడాది సెలవులో మా ఊరి స్వామికి చేరింది. పాప ఇప్పుడు షర్క్‌లో ఒక ఆఫీసులో వకీలు. ఇప్పటికీ మొదటి మాట దగ్గర కాస్త ఆగుతుంది. ఆలోచించి మాట్లాడుతోందని అక్కడివాళ్ళు అనుకుంటారట.

నాకు మాత్రం ఆ రాత్రి పడుకున్నాక ఒకటే ఆలోచన. ఆ మనిషికి వకీలు దొరకడానికి ముందు చేతిలో పెన్సిలుంది. పెన్సిలు పట్టడం రాకపోతే, ఎంత పెద్ద కోర్టయినా ఆయన మాట ఎలా వింటుంది?

మర్నాడు పొద్దున్నే వాకిట్లోకి వెళ్ళాను. రాత్రి దుమ్ము పడి కారు అద్దం బూడిదరంగులో ఉంది. డ్రైవరు తమ్ముడు బకెట్టుతో నీళ్ళు తెచ్చి పొయ్యబోతున్నాడు. ఆగు తమ్ముడూ అన్నాను. నీకు తెలుగు రాయడం వచ్చు కదా, దీని మీద అ రాసి చూపించు. ఆయన నా మొహంలోకి చూశాడు. ఈసారి నవ్వలేదు. బకెట్టు కింద పెట్టి, వేలితో పెద్దగా రాశాడు. పక్కనే నేనూ రాశాను. నాది ఎండుచేపలా వచ్చింది. "మల్లా రాయక్కా, దుమ్ముకేం తక్కువ ఈడ" అన్నాడు. మళ్ళీ రాశాను. అద్దం నిండాక నీళ్ళు పోసి కడిగేశాడు. కాలం పోతే తిరిగి రాదంటారు గానీ, నాకు దక్కాల్సిన బడి కాలం అప్పట్నుంచి రోజూ పొద్దున్నే దుమ్మై తిరిగొచ్చి ఆ అద్దం మీద పరుచుకుని నా కోసం కూర్చునేది.