విరగని పలకలు

మన మేస్త్రి చేసిన తలుపు వంకర పోయిందని ఇంతవరకు ఆయన కొట్టు గడప తొక్కినవాడు లేడు. పెద్ద బడిలో బెంచీలు ఆయనవే. ఎన్ని తరగతుల పిల్లలు ఎక్కి గెంతినా వాటి కాళ్ళు కదల్లేదు. కోర్టులో సాక్షులు నిలబడే బోను కూడా ఆయన చేసిందే. అందులో సాక్ష్యాలు ఊగాయేమో గాని బోను ఊగలేదు. ఈ సంగతులు ఎవరూ అడగకపోయినా ఆయనే చెబుతాడు. చెప్పుకోదగినవే కాబట్టి వినాలి మరి.

యాభై దాటాక ఆయన ఘనతల్లోకి మరొకటి వచ్చి చేరింది. అది తైక్వాండో. కొరియావాళ్ళ యుద్ధవిద్య. చేతుల కన్నా కాళ్ళకే అందులో పని ఎక్కువ. టైర్ల దుకాణం మేడ మీద ఆ విద్య నేర్పే హాలు ఒకటి ఉంది. దానికి చెక్కల నేల వేయడానికి వెళ్ళిన మేస్త్రి, పని ముగిశాక ఒక సాయంత్రం నిలబడి క్లాసు చూశాడు. గాలిలోకి కాలెత్తడం కూడా ఒక విద్యేనా అన్నాడు. నేర్పే అమ్మాయి నవ్వి, ఒకసారి ఎత్తి చూపించమంది. ఎత్తాడు. తాను నునుపు తేల్చిన నేల మీద తానే వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు ఊరుకుంటే మన మేస్త్రి ఎలా అవుతాడు? మర్నాడే చేరిపోయాడు. నేల మరీ జారుతోందేమో చూడటానికి వెళ్ళానని ఇంట్లో చెప్పాడు.

అది మొదలు పసుపు బెల్టు వచ్చింది, ఆకుపచ్చది వచ్చింది, నీలం వచ్చింది, ఎరుపు వచ్చింది. కొట్లో రంపాల పక్కన మేకులు కొట్టి వాటిని వరసగా వేలాడదీశాడు. కుర్చీ బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు బెల్టుల చరిత్ర వినాలి, తరవాతే కుర్చీ సంగతి. సుత్తి దెబ్బలు కూడా కొరియా లెక్కలోనే పడేవి. హానా, దూల్, సేత్ అని ఆయన మేకు దించుతుంటే, ఇదేం మంత్రమని ఒకాయన అడిగాడట. ఒకటి, రెండు, మూడేనని విప్పి చెప్పి, నాలుగు మాత్రం ఆయన అడగక ముందే దాటేశాడు.

ఇంట్లో మాత్రం ఈ విద్యకు అంత గౌరవం దక్కలేదు. కాలు తిప్పడం సాధన చేస్తూ ఆయన రెండు పూలకుండీలు పగలగొట్టాడు. వీధి చివర ఫ్యాన్లు బాగుచేసే బావమరిది రోజూ వచ్చి పరామర్శించేవాడు.

"బావా, నిన్ను చూసి దొంగలు జడుస్తారో లేదో గాని, కుండీలు మాత్రం గడగడలాడుతున్నాయి."

కుండీలు పోతే పోయాయి, మోకాలు వాచింది. అప్పుడు ఇల్లాలు రంగంలోకి దిగింది. కొన్నాళ్ళలో ఊళ్ళో పోటీలున్నాయి. యాభై దాటినవాళ్ళకు చెక్క పలకను కాలితో విరగ్గొట్టే పందెం ఉంది. ఆమె తీర్పు ఒకటే.

"పతకం తెచ్చారా, ఎన్నేళ్ళయినా వెళ్ళండి, నేను నోరెత్తను. తేలేదా, ఆ తెల్ల బట్టలు మడిచి పెట్టెలో పెట్టేయాలి. ఈ మోకాలికి కాపడం పెట్టి పెట్టి నా చేతులు పడిపోతున్నాయి."

అంతేనా, అలాగేలే అని ఆయన మీసం దువ్వాడు గాని, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున లేస్తే మేస్త్రీ ఇది చెయ్యి, మేస్త్రీ అది చూడు అని ఊరంతా పిలిచేదే. ఏ పనికైనా జవాబు ఆయనే చెప్పాలి. ఆ హాల్లో ఉన్న ఒక్క గంటా ఎటు తిరగాలో ఇంకొకరు చెబుతారు, ఈయన తిరుగుతాడు. ఆ సుఖం ఎలాంటిదో ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. అది పోతుందేమోనన్నదే ఇప్పుడు బెంగ.

ఆ ఏడు పోటీలు జరిపే భారం నేర్పే అమ్మాయి మీదే పడింది. సాధనకు విడిపోయి మళ్ళీ అతుక్కునే ప్లాస్టిక్ పలకలున్నాయి గాని, పోటీకి అసలు చెక్కే కావాలి. పలకలు పంపుతానన్న మనిషి ఆఖరి క్షణంలో చేతులెత్తేశాడు. ఆమె మేస్త్రిని అడిగింది. మామూలువి చాలన్నది.

"నా కొట్లో మామూలువి దొరకవు మాస్టరమ్మా," అన్నాడాయన.

అన్నంత పనీ చేశాడు. పడగొట్టిన పాత ఇంటి దూలం ఒకటి ఏళ్ళ తరబడి ఆరి కొట్లో మూల నిలబడి ఉంది. దాన్ని కోశాడు, చిత్రిక పట్టాడు, చెంపకు ఆనిస్తే చల్లగా జారేదాకా గరుకు కాగితంతో రుద్దాడు. చెక్కలో నార ఉంటుంది. నార వెంట దెబ్బ పడితే చీలుతుంది, నారకు అడ్డంగా పడితే ఆపుతుంది. పందెం పలకలు చీలేలా కోయాలి. మన మేస్త్రి మాత్రం బీరువా అర కోసినట్టు, నిలువెత్తు మనిషి ఎక్కినా ఆపేలా కోశాడు. అవి విరగాల్సినవన్న సంగతి ఆయనకు తెలియక కాదు, ఆయన చేతులకు తెలియలేదు.

పోటీ రోజు ఇల్లాలూ బావమరిదీ, అక్కా తమ్ముళ్ళిద్దరూ, హాల్లో ప్రేక్షకుల మెట్ల మీద ముందు వరసలోనే కూర్చున్నారు. పందెంలో ఉన్నవాళ్ళు ఐదుగురు. మొదట పదవీ విరమణ చేసిన పోలీసాయన వచ్చి, హాలు అదిరేలా కేకపెట్టి తన్నాడు. పలక పట్టుకున్న ఇద్దరూ వెనక్కి జారారు. పలక మాత్రం అలాగే ఉంది. తరవాత లారీ డ్రైవరు. ఆ తరవాత బ్యాంకులో పనిచేసే ఆమె. తన్నినవాళ్ళు తన్నినట్టే కుంటుకుంటూ వెళ్ళిపోయారు. ఒక్కొక్క దెబ్బకూ మన మేస్త్రి ఛాతీ ఒక్కొక్క అంగుళం పెరిగింది. పలక ఎవరిదనుకుంటున్నారని పక్కవాడి చెవిలో వేశాడు కూడా. అంతలో ఆయన్ని పిలిచారు. తాను తన్నాల్సింది కూడా ఆ పలకనేనని అప్పుడు గుర్తొచ్చింది.

తన్నాడు. తన పనితనం ఎంత గొప్పదో జీవితంలో మొదటిసారి తన మడమతో తెలుసుకున్నాడు. ఆయన తరవాతి దర్జీ గతి కూడా అంతే అయింది.

మెట్ల మీద బావమరిది అక్క వైపు వంగాడు. "తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు గదా అక్కా. ఇక్కడ బావ తలదన్నేది బావ పలకే."

ఎవరూ విరగ్గొట్టలేదు గనుక ఈ పందెంలో పతకాలు ఉండవని న్యాయనిర్ణేతలు తేల్చబోయారు. నేర్పే అమ్మాయి మేస్త్రి దగ్గరికి వచ్చి, పలకల్లో తేడా ఏమన్నా ఉందా అని మెల్లగా అడిగింది. పలకలకేం, వజ్రాలని ఆయన నాలుక దానంతటదే అనేసింది. అన్నాక చూస్తే ముందు నుయ్యి, వెనక గొయ్యి. పలకలు మంచివంటే పతకం లేదు, పతకం లేకపోతే క్లాసు లేదు. మంచివి కావంటే ఇన్నేళ్ళ పేరు హాలు నిండా జనం ముందు పోతుంది. దర్జీ ఒక మూల కూర్చుని, ఇక తన వయసైపోయిందని పాదం రుద్దుకుంటున్నాడు. మేస్త్రి కాసేపు అటే చూశాడు. తరవాత న్యాయనిర్ణేతల బల్ల దగ్గరికి నడిచి, మైకు అడిగి తీసుకున్నాడు.

"తన్నినవాళ్ళ లోపం ఏమీ లేదు. పలకలు కోయడంలోనే వచ్చింది. తప్పు నాదే."

ఇంకో గంట గడువిచ్చారు. హాలు వెనక పడేసిన పళ్ళ పెట్టెలు తెచ్చి, బండిలో ఎప్పుడూ ఉండే రంపంతో ఆ నాసి చెక్కను చీలే వాటంలో కోశాడు. కోస్తున్నంత సేపూ తన కొట్టుకు వచ్చేవాళ్ళెవరూ చూడకూడదన్నట్టు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఈసారి పలకలు ఎండుపుల్లల్లా విరిగాయి. ఒకటి విరిగితే రెండు జోడించారు, రెండు విరిగితే మూడు. మేస్త్రి కూడా రెండు పలకల దాకా గెలిచాడు. మూడింటి దగ్గర, ఇందాక తన సొంత పలక వాయగొట్టిన మడమ ఇక ఒప్పుకోలేదు. పోలీసాయన, బ్యాంకామె, దర్జీ పతకాలు వేయించుకున్నారు. మన మేస్త్రి నాలుగో స్థానంలో నిలిచాడు. నాలుగో స్థానానికి చప్పట్లు మాత్రమే ఇస్తారు.

ఆయన బట్టలు మార్చుకుని వచ్చాడు. తెల్ల దుస్తుల్ని అంచుకు అంచు కలిపి మడిచి ఇల్లాలి చేతికి అందించబోయాడు. ఆమె చెయ్యి చాచలేదు.

"మీ దగ్గరే ఉంచుకోండి," అంది. "ఇన్నేళ్ళ కాపురంలో మీ నోట తప్పు నాదేనన్న మాట ఈ పూటే విన్నాను. అదీ మైకులో. ఆ అమ్మాయి దగ్గర ఇంకో రెండేళ్ళు ఉంటే ఇంకా ఏమేం వస్తాయో చూద్దాం."

"రేపు వెళ్ళొచ్చా అయితే?"

"మడమ వాపు తగ్గాక వెళ్ళండి. కాపడం ఎలాగూ నేనే పెట్టాలిగా."

అసలు ఆ పలకల్లో తప్పేమీ లేదు, వాడిన చోటే తప్పు అని చెప్పాలని మేస్త్రికి నాలుక చివరిదాకా వచ్చింది. ఇల్లాలి మొహం చూసి మింగేశాడు. బండి తాళాలు బావమరిదికిచ్చి, కుంటుకుంటూ వెళ్ళి వెనక సీటెక్కాడు.